చిన్నారి పట్టులంగా: అందంతో పాటు భద్రత

బెంగాల్-నాగపూర్ రైల్వే కాలం నుండి తెలుగు కుటుంబాలు స్థిరపడిన మన బిలాస్‌పూర్ రైల్వే పట్టణంలో, పండుగ వచ్చిందంటే ఆడపిల్లలకు పట్టులంగా, జడకుచ్చులు ఉండవలసినదే. అమ్మ పాత పట్టుచీర కావచ్చు, సుమారు 50 కి.మీ. దూరాన గల చాంపాలో నేసే కోసా పట్టు కావచ్చు. ఇంట్లో కుట్టుమిషను ఉంటే పాపకు స్వయంగా కుట్టాలన్న కోరిక కలగడం సహజం. అయితే కొత్తగా నేర్చుకొనేవారి దృష్టి తళుకుబెళుకులపైనే నిలుస్తుంది. తొడుక్కొనేది పసిపిల్ల అన్న సంగతి కొలత నాటినుండే గుర్తుంచుకోవడం అవసరం.

మొదట పాత దుప్పటి గుడ్డపై తిన్నని కుట్టు అభ్యసించాలి. పలుచని పట్టుకు 11వ నంబరు సూది తగినది. పాతచీరను వెలుతురుకు ఎదురుగా పట్టిచూసి, మడతల వద్ద చిరుగు పట్టిన భాగాన్ని తొలగించాలి.

ఉదాహరణకు పాప నడుము 52 సెం.మీ., లంగా పొడవు 58 సెం.మీ. అనుకుందాం. కుచ్చిళ్ళకు నడుము కొలతకు మూడు రెట్లు, అనగా 156 సెం.మీ. వెడల్పు కావాలి. పొడవుకు అంచు మడత 4, నడుము కుట్టు 1.5 సెం.మీ. చేర్చాలి. ఎదిగే వయస్సు కనుక 2.5 సెం.మీ. లోతుగల టక్కులు రెండు వేస్తే మరో 10 సెం.మీ. పడుతుంది. మొత్తం 73.5 సెం.మీ. ఒక్కొక్క టక్కు విప్పినప్పుడల్లా పొడవు 5 సెం.మీ. పెరుగుతుంది. మన అమ్మమ్మలు ఏ లెక్కలూ వ్రాసుకోకుండానే పాటించిన పద్ధతి ఇది.

నడుముకు బొందు బిగిస్తే లేతచర్మం ఒరుసుకుపోతుంది. మెత్తని నూలుగుడ్డతో చేతులులేని బాడీ కుట్టి, దానికి లంగాను జతపరిస్తే బరువు భుజాలపైకి చేరుతుంది. జరీ గుచ్చుకోకుండా లోపల నూలు లైనింగు వేయాలి.

ఇక అలంకరణ. మూడేళ్ళలోపు పిల్లలు చేతికందినది నోట పెట్టుకుంటారు. 31.7 మి.మీ. వ్యాసం గల గొట్టంలో పూర్తిగా ఇమిడే వస్తువు వారి గొంతుకు అడ్డుపడగలదని బొమ్మల భద్రతా ప్రమాణాలు పరిగణిస్తాయి. పూసలు, చమ్కీలు, అద్దాలు అన్నీ ఈ కోవలోనివే. ఆ వయస్సువారికి రంగుదారాలతో కుట్టిన పువ్వులే మేలు. పెద్దపిల్లలకైతే ప్రతి పూసనూ రెండుపేటల దారంతో కుట్టి, విడివిడిగా ముడివేయాలి. అప్పుడు ఒకటి తెగినా మిగిలినవి రాలవు. బొమ్మలకు అంటించిన చిన్నభాగాలు పరిమాణాన్నిబట్టి 90 న్యూటన్ల వరకు లాగుడుకు, అనగా సుమారు 9 కిలోల వరకు బరువుకు, తట్టుకోవాలని ఐరోపా ప్రమాణం. ఇంట్లో అంతటి పరీక్ష సాధ్యం కాకున్నా, ప్రతి పూసనూ గట్టిగా లాగి చూడడం కష్టం కాదు.

జాకెట్టు మెడవెనుక వ్రేలాడే తాళ్ళు, కుచ్చులు ఆటలో ఎక్కడైనా చిక్కుకుంటే మెడకు బిగుసుకుంటాయి. ఏడేళ్ళలోపు పిల్లల దుస్తులకు మెడవద్ద తాళ్ళను ఐరోపా ప్రమాణం అనుమతించదు. వాటికి బదులు టిచ్ బటన్లు చాలు. నైలాను నెట్టు మంటకు కరిగి చర్మానికి అంటుకుంటుంది కనుక దీపావళి దుస్తులకు దానిని వాడరాదు.

వర్కుషాపులో పని ముగిశాక పనిముట్లు లెక్కచూసుకోవడం మనకు అలవాటే. ఆ క్రమశిక్షణ ఇంటి కుట్టుకూ వర్తిస్తుంది. గుండుసూదులు లెక్కపెట్టి గుచ్చండి. లెక్క సరిపోయిన తరువాతనే లంగాను పాపకు తొడగండి.