దగ్గు ఉంటే బడి మానాలా?

జలుబు తగ్గుతుంది. జ్వరం పోతుంది. దగ్గు మాత్రం కొన్నాళ్లు ఉంటుంది. అప్పుడు పిల్లను బడికి పంపాలా, వద్దా? చాలామంది తల్లులకు ఇదే సందేహం.

జ్వరం లేకుండా, అన్నం తిని ఆడుకుంటుంటే పంపవచ్చు. దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోమని చెప్పాలి. ఊరికే ఇంట్లో ఉంచితే చదువు వెనకబడుతుంది.

జ్వరం, నీరసం ఉంటే ఇంట్లోనే ఉంచాలి. ఆయాసంతో డొక్కలు ఎగరేస్తుంటే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

తెరలు తెరలుగా దగ్గి వాంతి చేసుకుంటుంటే అది కోరింత దగ్గు కావచ్చు. తోటి పిల్లలకూ అంటుకుంటుంది. డాక్టరుకు చూపించాలి. ఆయన సరే అనేదాకా బడికి పంపరాదు.

దగ్గు మొదలైన రోజును తల్లి క్యాలెండరు మీద రాసుకోవాలి. 2 వారాలైనా తగ్గలేదా? పిల్ల చిక్కిపోతోందా? అది క్షయ కావచ్చు. దుకాణంలో మందు కొని తాగిస్తూ కాలం గడపరాదు. సర్కారు ఆసుపత్రిలో క్షయకు పరీక్ష, మందులు ఉచితం.

ఆడపిల్ల, నలుగురికీ తెలుస్తుందని కొందరు దాస్తారు. దాస్తే జబ్బు ముదురుతుంది. డాక్టరు చెప్పినన్నాళ్లూ మానకుండా మందు వేస్తే క్షయ నయమవుతుంది. మళ్లీ బడికి ఎప్పుడు పంపాలో డాక్టరే చెబుతారు. ఆ రోజు పిల్లను తప్పక పంపాలి.