వంటమాస్టరు వెళ్ళిపోతానంటే…

కిందటి వారం కార్యక్రమం అయ్యాక డాలస్ దగ్గర కర్రీ పాయింట్ నడుపుతున్న ఒకాయన ఫోన్ చేశారు. "మా వంటమాస్టరుకి నాలుగేళ్ళుగా అన్నీ నేర్పించానండీ. పక్క వీధిలో కొత్త హోటల్ వస్తోంది, అటు చూస్తున్నాడు. రెండేళ్ళపాటు ఇరవై మైళ్ళలో ఎక్కడా వంట చెయ్యనని సంతకం పెట్టించుకోవచ్చా?" అని అడిగారు. ఇంటర్నెట్ నుంచి నమూనా కాగితం కూడా దించుకున్నారట. దీన్నే నాన్-కాంపీట్ అంటారు.

సంతకమైతే పెట్టించుకోవచ్చు. అది కోర్టులో నిలుస్తుందా అన్నది వేరే సంగతి.

దేశమంతటా వీటిని నిషేధిస్తూ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 ఏప్రిల్‌లో ఒక నిబంధన చేసింది. అమల్లోకి రాకముందే, ఆగస్టులో, టెక్సస్‌లోని ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది. 2025 సెప్టెంబరులో కమిషన్ అప్పీలు కూడా మానుకుంది. కాబట్టి ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రం చట్టమే. మిన్నెసోటాలో 2023 జూలై 1 నుంచి రాసుకున్నవి చెల్లవు. ఇల్లినాయిలో 2022 నుంచి ఏడాదికి 75 వేల డాలర్లు మించి సంపాదించనివారి చేత రాయించుకోకూడదు. 2027 నుంచి ఆ హద్దు 80 వేలు. కాలిఫోర్నియాలోనైతే 1872 నుంచీ చెల్లవు.

1872 అంటే మన ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్ వచ్చిన ఏడాది కూడా. అందులో 27వ సెక్షనూ ఇదే మాట చెబుతుంది. రెంటికీ మూలం న్యూయార్క్ లాయరు డేవిడ్ డడ్లీ ఫీల్డ్ తయారుచేసిన ముసాయిదా. తమాషా ఏమిటంటే, ఆ ముసాయిదాని న్యూయార్క్ మాత్రం చట్టం చేసుకోలేదు!

ఇక మన కర్రీ పాయింట్ ఆయన ఉన్నది టెక్సస్. అక్కడ ఇలాంటి ఒప్పందం చెల్లుతుంది, కానీ షరతులున్నాయి. ఎంతకాలం, ఎంత దూరం, ఏ పని అన్న మూడిటికీ సబబైన హద్దుండాలి. "ఉద్యోగంలో ఉంచుతున్నాను కదా" అంటే చాలదు. వ్యాపార రహస్యాలో, కంపెనీలో వాటాయో, కాపాడుకోదగ్గదేదో ఉద్యోగి చేతికి వచ్చి ఉండాలి. హద్దు మీరిందని తెలిసి కూడా యజమాని పూర్తిగా అమలు చేయబోతే, ఉద్యోగి లాయరు ఖర్చులు ఆయన నెత్తినే పడవచ్చు.

సరే, వంటమాస్టరు దగ్గరున్న రహస్యమేమిటి? గుత్తివంకాయ కూర వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్నది. చేతివాటం అతనిది, దాన్ని మనం కొనలేదు. మనదంటూ ఉన్నది కేటరింగ్ ఖాతాదారుల చిట్టా, సరుకు ఏ ధరకు వస్తోందన్న వివరం, కొలత ప్రకారం రాసిపెట్టుకున్న మసాలా పాళ్ళు. వాటికోసం బయటపెట్టనని ఒక కాగితం, మన ఖాతాదారులను ఏడాదిపాటు లాక్కోనని ఒక షరతు రాయించుకోవడం న్యాయం. ఆ షరతుకీ హద్దులుండాలి, లాయరుకు చూపించే రాయాలి.

శాండ్‌విచ్‌లు చేసే కుర్రాళ్ళ చేత కూడా నాన్-కాంపీట్ రాయించుకున్నందుకు జిమ్మీ జాన్స్ సంస్థ మీద ఇల్లినాయి అటార్నీ జనరల్ 2016లో దావా వేశారు. వాళ్ళు లక్ష డాలర్లు కట్టి రాజీ పడ్డారు. అంత పెద్ద సంస్థకే తప్పలేదు.

ఆయన్ని నేనొక మాట అడిగాను: "కొత్త హోటలువాళ్ళు ఎంత ఎక్కువిస్తామన్నారు?" గంటకు రెండు డాలర్లట. వారానికి 40 గంటల లెక్కన ఏడాదికి 4,160 డాలర్లు. ఆ జీతమేదో పెంచితే మనిషి ఉంటాడు కదండీ! కోర్టులో గెలిచినా అతను మన వంటింటికి తిరిగి రాడు.

మనవాళ్ళు బల్లకి రెండు పక్కలా ఉన్నారు. మేనమామ కన్సల్టెన్సీ అయితే మేనల్లుడు అందులో ఉద్యోగి. చుట్టరికం చూసి చదవకుండా సంతకం చేసే పిల్లలకు ఒక్క మాట: చదువుకోవడానికి గడువు అడగండి. ఇల్లినాయిలో 14 రోజులివ్వాలని చట్టమే ఉంది.

నాన్-కాంపీట్ తప్పనిసరి అని నేను చెప్పే సందర్భం ఒక్కటే ఉంది. మీరు ఎవరి హోటలైనా పేరుతో సహా కొంటున్నప్పుడు. అమ్మినాయన ఆరు నెలల్లో ఎదురుగా ఇంకోటి తెరిస్తే మీరు కొన్నది ఖాళీ గిన్నెలే. దీన్ని కాలిఫోర్నియా కూడా ఒప్పుకుంటుంది. కర్రీ పాయింట్ ఆయన కూడా ఆ కొట్టు ఇంకొకరి దగ్గర కొన్నదే. అప్పుడు ఆ అమ్మినాయన చేత మాత్రం ఏమీ రాయించుకోలేదట.