నమూనా వేఱు, చిత్రము వేఱు: యూఎంఎల్ గూర్చిన అపోహలు

సాఫ్ట్‌వేర్ కల్పనలో నున్నవారిలో యూఎంఎల్ (యూనిఫైడ్ మోడలింగ్ లాంగ్వేజ్) పేరు విననివారరుదు. అయినను, అది పెట్టెలును బాణపు గుర్తులును గల బొమ్మల సముదాయమనియు, ఆ బొమ్మలను గీచి యొక ఫోల్డరులో భద్రపఱచినచో వ్యవస్థాకల్పన క్రమబద్ధమైనట్లే యనియు తలంచువారు నేటికిని పెక్కుమంది కలరు. తక్కిన అపోహలలో అనేకము దీని సంతానమే యని నా యభిప్రాయము.

యూఎంఎల్‌లో ప్రధానమైనది నమూనా; చిత్రము దానిలోని కొంతభాగమును ఏదో యొక ప్రయోజనము కొఱకు చూపును. గ్రంథాలయమున పుస్తకములను జారీచేయు వ్యవస్థనే తీసికొందము. అందు ‘సభ్యుడు’ అను క్లాస్ నమూనాలో ఒక్కటియే యుండును. అదియే క్లాస్ చిత్రమున తన లక్షణములతోను, సీక్వెన్స్ చిత్రమున సందేశములు పంపుచు పుచ్చుకొనుచును కనబడును. దాని పేరును నమూనాలో మార్చినచో, సరియైన సాధనమున చిత్రములన్నింటను మారును; ఒక చిత్రమునుండి తీసివేసినను నమూనాలో చెక్కుచెదరక నిలుచును. లక్షణముల గడిని చూపక విడిచినంతమాత్రమున ఆ క్లాసునకు లక్షణములు లేవని కాదు. గడిని దాచుటకు ప్రమాణమే అనుమతించుచున్నది. గ్రామపటములో గీయలేదని చెఱువు ఎండిపోదు గదా!

ప్యాకేజీ యనగా చిత్రములను దాచు అర యనుట రెండవ భ్రమ. ప్యాకేజీ తనలోని పేర్లకు హద్దు, తనలోని అంశములకు యజమాని. ఒక అంశమునకు ఇద్దరు యజమానులుండరాదు; ఇతర ప్యాకేజీలు దానిని దిగుమతి చేసికొని వాడుకొనవచ్చును గాని సొంతము చేసికొనజాలవు; ప్యాకేజీని నమూనానుండి తొలగించినచో దాని సొత్తంతయు దానితోనే పోవును. క్లాసులన్నియు ఒకచోట, యూజ్ కేసులన్నియు వేఱొకచోట, ఇట్లు జాతినిబట్టి పేర్చుట చూచుటకు ముచ్చటగానే యుండును గాని, జారీ నియమము నొకదానిని మార్చదలచినవాడు ప్రతి ప్యాకేజీని తెఱచి వెదకవలసివచ్చును. కలసి మారునవి కలసియుండుట మేలు. ‘జారీ’ ‘జరిమానా’పైనను, ‘జరిమానా’ ‘సభ్యత్వము’పైనను, ‘సభ్యత్వము’ మరల ‘జారీ’పైనను ఆధారపడినచో, మూడు పేర్లున్నను ఆ మూడింటిని ఒక్కటిగానే మార్చవలసి యుండును. ఇట్టి వలయములను పసిగట్టి విడదీయుట కల్పకుని పని. గీతలు గీచినంతనే అవి వాటంతటవి విడిపోవు.

పదునాలుగు రకముల చిత్రములును ఉండితీరవలెనను భయము నిరాధారము. యూఎంఎల్ 2.5లో నిర్మాణమునకు 7, ప్రవర్తనకు 7 రకములున్న మాట నిజమే గాని, అన్నియు గీయుమని ఎచ్చటను లేదు. 1995లో ఫిలిప్ క్రూష్టెన్ ప్రతిపాదించిన ‘4+1’ పద్ధతి, చదువువారి యవసరమునుబట్టి కల్పనను వేర్వేరు దృష్టులుగా విభజించినది; నిష్ప్రయోజనమైన దృష్టిని విడిచిపెట్టవచ్చునని ఆయనయే చెప్పియున్నాడు.

యూఎంఎల్ ఒక పనివిధానమని చెప్పువారికి క్లుప్తముగా సమాధానమీయవచ్చును. గ్రేడీ బూచ్, జేమ్స్ రంబా, ఐవార్ జేకబ్‌సన్ తమతమ పద్ధతుల గుర్తులను ఏకము చేయగా, 1997లో ఆబ్జెక్ట్ మేనేజ్‌మెంట్ గ్రూప్ ప్రమాణముగా అంగీకరించినది గుర్తుల భాషను మాత్రమే. ఏ పని ముందు, ఏది వెనుక యని అది శాసింపదు.

ఇంక ఈ భాషలోని ప్రతి గుర్తునకును నిష్కృష్టార్థము కలదను నమ్మకము. లోపల నింపిన వజ్రపు గుర్తు, భాగములు మొత్తమునకే చెందునని స్పష్టముగా చెప్పును. లోపల ఖాళీగానుండు వజ్రమునకో, కచ్చితమైన యర్థమును ప్రమాణము నిర్ణయింపక ఆయా రంగములకే విడిచినది. కావున ఆ గుర్తును వాడు బృందము, తాము దానిని ఏ యర్థమున వాడుచున్నారో ఆ నమూనాలోనే వ్రాసియుంచవలెను. మూల మడచిన కాగితము ఆకృతిలో నుండు ‘నోట్’ గుర్తు యూఎంఎల్‌లో నున్నది ఇట్టి వ్యాఖ్యల కొఱకే.