రక్త ప్రవాహ బలం, ప్లేట్‌లెట్ల పట్టు

డెంగీ జ్వరాల కాలంలో ప్లేట్‌లెట్ల సంఖ్య ఇంటింటా చర్చకు వస్తుంది. మైక్రోలీటరు రక్తంలో అవి 1.5 లక్షల నుంచి 4.5 లక్షల వరకు ఉండటం సాధారణం. అయితే రక్తస్రావం ఆగడానికి ఆ సంఖ్య ఒక్కటే చాలదు. రక్తం ఎంత ఒరిపిడితో ప్రవహిస్తున్నదన్న దానిపైనా వాటి పని ఆధారపడి ఉంటుంది.

నాళం నడుమ రక్తం వేగంగా సాగుతుంది. గోడను ఆనుకున్న పొర దాదాపు కదలదు. ఈ వేగాల తేడా వల్ల పుట్టే ఒరిపిడి సిరల్లో తక్కువ, సన్నని ధమనుల్లో చాలా ఎక్కువ. ఎర్ర రక్తకణాలు మధ్యభాగాన్ని ఆక్రమించి, 2-3 మైక్రోమీటర్ల ప్లేట్‌లెట్లను అంచులకు నెడతాయి. గాయమయ్యేది గోడకే కనుక ఇది మేలే.

సిరల్లోని నెమ్మదైన ప్రవాహంలో ప్లేట్‌లెట్లు గాయపడిన గోడలోని కొల్లాజెన్‌ను నేరుగా పట్టుకోగలవు. ధమనుల్లో ఆ పట్టు నిలవదు. అక్కడ ఆదుకునేది వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్. బాల్టిక్ సముద్రంలోని ఆలాండ్ దీవుల కుటుంబాల్లో వంశపారంపర్య రక్తస్రావ వ్యాధిని 1926లో వివరించిన ఫిన్లాండ్ వైద్యుడు ఎరిక్ వాన్ విల్లెబ్రాండ్ పేరు దీనికి స్థిరపడింది. మామూలు ప్రవాహంలో ఈ ప్రోటీన్ నూలు ఉండలా ముడుచుకుని ఉంటుంది. ఒరిపిడి పెరిగినప్పుడు దారంలా సాగి, లోపల దాగిన భాగాలను బయటపెట్టి, దూసుకుపోతున్న ప్లేట్‌లెట్లను ఆపుతుంది. ప్రవాహం ఉద్ధృతమైతే ఏ జిగురైనా ఊడుతుంది. ఇది మాత్రం అప్పుడే పనిచేస్తుంది.

ఈ గుణమే ముప్పు కూడా. కొవ్వు పేరుకుని ఇరుకైన గుండె ధమనిలో ఒరిపిడి విపరీతమవుతుంది. అక్కడి కొవ్వు పొర చిట్లితే ప్లేట్‌లెట్లు వేగంగా గుమిగూడి దారి మూసేస్తాయి. ఆస్పిరిన్ ప్లేట్‌లెట్లు ఒకదానినొకటి ప్రేరేపించుకునే రసాయన సంకేతాన్ని అడ్డుకుంటుంది గానీ, ఈ తొలి పట్టును విడిపించదు.

ఒరిపిడి వల్ల ఇందుకు పూర్తిగా విరుద్ధమైన ఫలితమూ కలుగుతుంది. బృహద్ధమని కవాటం ఇరుకైన 10 మంది రోగుల్లో కారణం తెలియని పేగు రక్తస్రావాన్ని గమనించినట్లు అమెరికా వైద్యుడు ఎడ్వర్డ్ హైడ్ 1958లో వెల్లడించారు. దీనికి వివరణ దశాబ్దాల తర్వాత దొరికింది. ఇరుకు కవాటం గుండా దూసుకెళ్లేటప్పుడు వాన్ విల్లెబ్రాండ్ గొలుసులు సాగుతాయి. సాగిన గొలుసును ఆడమ్‌టీఎస్-13 అనే ఎంజైమ్ తేలికగా తుంచేస్తుంది. పొడవైన గొలుసులు కరవైనప్పుడు, పేగుల్లోని పెళుసు రక్తనాళాలు చిట్లితే స్రావం ఆగదు. ప్లేట్‌లెట్ల సంఖ్య మాత్రం మామూలుగానే ఉండవచ్చు.

అందుకే కవాట సమస్య ఉన్న వృద్ధుల్లో రక్తహీనత, నల్లని మలం కనిపిస్తే ఆ రెండింటికీ సంబంధం ఉందేమో వైద్యులు పరిశీలిస్తారు. కవాటం మార్చిన తర్వాత పొడవైన గొలుసులు తిరిగి పెరుగుతాయి; చాలామందిలో రక్తస్రావం ఆగిపోతుంది. గుండెకు తోడుగా యాంత్రిక పంపు అమర్చినవారిలోనూ ఈ గొలుసులు ఇలాగే తెగిపోతుంటాయి.