ముసలి ల్యాప్‌టాప్ మొరాయించినప్పుడు

పాతబడిన ల్యాప్‌టాప్‌నకు ఒక చిత్రమైన జబ్బు వచ్చుచుండును. నిన్న చక్కగా పనిచేసినది నేడు మీట నొక్కినను కన్ను తెరవదు. రేపు దానంతటదే లేచి కూర్చుండును. ఎనిమిదేండ్లుగా మా యింట నున్న యంత్రము ఇట్లే మొరాయించినది. మా అమ్మాయి పరీక్షకు వ్రాసికొన్న వ్యాసము అందులోనే చిక్కుకొనుటచే రెండు రాత్రులు ఇంటిల్లిపాదికి నిద్ర లేదు. లోపలి బోర్డు చెడినదని తలచి క్రొత్తది కొన సిద్ధపడితిమి. తీరా చూడగా దోషము అడాప్టరు తీగలో నున్నది!

వచ్చిపోవు దోషమునకు తరచుగా వదులైన అతుకే కారణము. కావున పరీక్ష వెలుపలినుండి లోపలికి సాగవలెను. ఒక్కొక్క మారు ఒక్క వస్తువునే మార్చి చూడవలెను. రెండింటిని కలిపి మార్చినచో దోషము దేనిదో తెలియదు.

మొదట గోడలోని సాకెట్టును బల్లదీపముతో పరీక్షింపుడు. పిమ్మట అడాప్టరు తీగను చూడుడు. తీగ ప్లగ్గును చేరుచోట మాటిమాటికి వంగి లోపలి పోగులు తెగుచుండును. అచ్చట మెల్లగా కదిపినప్పుడు ఛార్జింగు గుర్తు వచ్చిపోవుచున్నచో తీగనుగాని, ప్లగ్గు దూరు రంధ్రమునుగాని అనుమానింపవలెను. ఆ చోటు వేడెక్కినచో వెంటనే స్విచ్చి ఆపవలెను. మారు అడాప్టరు తెచ్చునప్పుడు వోల్టులు యంత్రమునకు సరిపడునవై యుండవలెను, వాట్లు తగ్గరాదు. 65 వాట్లు కోరు యంత్రమునకు 45 వాట్లది తగిలించినచో అది పనిచేయుచునే ఛార్జి కాకపోవచ్చును.

అప్పటికిని లేవనిచో అడాప్టరు తీసివేసి, బ్యాటరీ ఊడదీయ వీలున్నచో ఊడదీసి, మీటను 30 సెకనులు నొక్కి పట్టుడు. లోపల నిలిచిన విద్యుత్తు పోవును. తరువాత అడాప్టరు మాత్రమే తగిలించి చూడుడు. యంత్రము లేచి నిలకడగా నడచినచో అనుమానము బ్యాటరీపైకి పోవును. అయితే 80 శాతము వద్ద ఛార్జింగు ఆగుట జబ్బు కాకపోవచ్చును. బ్యాటరీ ఆయువు కొరకు అట్టి ఏర్పాటు కొన్ని యంత్రములలో కలదు.

లిథియం అయాన్ బ్యాటరీలు 1991లో విపణికి వచ్చినవి. తేలికయు, శక్తియు వాని గుణములు. వృద్ధాప్యమున ఉబ్బుట వాని దోషము. మూత సరిగా పడకున్నను, వ్రేలితో రాయు పలక పైకి లేచినను బ్యాటరీ ఉబ్బినదేమోయని శంకింపవలెను. అట్టిదానిని ఛార్జి చేయరాదు, అదుమరాదు, గ్రుచ్చరాదు, చెత్తలో వేయరాదు. నిప్పంటుకొను ప్రమాదము కలదు. యంత్రమును ఆపివేసి నిపుణునికి ఒప్పగింపుడు.

తుదిమాట. ఇట్టి యంత్రము ఎప్పుడు లేచినను మొదట చేయవలసిన పని మరమ్మతు గాదు. పిల్లల వ్రాతలను, ఇంటి ఛాయాచిత్రములను వేరొక చోటికి నకలు తీసికొనుడు. మేము ఆ వ్యాసముతోనే మొదలుపెట్టితిమి. తీగ మరునాడు మార్చితిమి.