మూసిన తలుపు అవతల

స్ట్రెచర్ అత్యవసర విభాగంలోకి వెళ్లగానే తలుపు మూసుకుంటుంది. లోపల తండ్రి గుండె ఆగింది. బయట కొడుకు దుఆ చేస్తూ నిలబడి ఉంటాడు. కొంతసేపటికి డాక్టరు వచ్చి తల వంచుకుని నాలుగు మాటలు చెబుతారు. మధ్యలో ఏం జరిగిందో ఆ కుటుంబానికి ఎన్నటికీ తెలియదు. ‘చేయవలసినదంతా చేశారా? నాన్న ఒంటరిగా పోయారా?’ అన్న ప్రశ్నలు ఏళ్ల తరబడి వేధిస్తాయి.

దైవప్రవక్త (స) కుమార్తె తన బిడ్డ కడసారి శ్వాసలో ఉన్నదని కబురు పంపినప్పుడు, ఆయన మొదట సలాం చెప్పి, సహనం వహించమన్నారు. ఆమె ఒట్టుపెట్టి మళ్లీ పిలిపించారు. ఆయన (స) సహచరులతో లేచి వెళ్లారు. ఎగశ్వాసతో ఉన్న ఆ పసిప్రాణాన్ని చేతుల్లోకి తీసుకోగానే కళ్లు చెమ్మగిల్లాయి. హజ్రత్ సఅద్ (రజి) విస్మయంతో అడగగా, ఇది అల్లాహ్ తన దాసుల హృదయాలలో ఉంచిన కారుణ్యమని వివరించారు. బుఖారీ గ్రంథంలోని ఈ ఉదంతంలో ఒక తల్లి కోరింది కేవలం సాన్నిధ్యాన్నే.

వైద్యులు ఈ కోరికకు జంకడానికి కారణాలు లేకపోలేదు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతుకు ఛాతీని నొక్కుతారు. పక్కటెముకలు విరగవచ్చు కూడా. తెలియనివారికి అది హింసగా తోస్తుంది. పైగా మన ఆస్పత్రుల్లో స్థలం తక్కువ, వెంట వచ్చే జనం ఎక్కువ. పదిమంది ఒక్కసారిగా చొరబడితే ఏ వైద్యుడైనా తలుపు మూయక తప్పదు.

అయినా అనుభవం మరో మాట చెబుతున్నది. ఫ్రాన్సులో 570 మంది బంధువులపై జరిపిన అధ్యయనం 2013లో వెలువడింది. ఇంటివద్ద గుండె ఆగినవారికి అంబులెన్సు వైద్యబృందాలు చికిత్స చేస్తుండగా, కొన్ని బృందాలు ఆప్తులను దగ్గర ఉండవచ్చునని తామే ఆహ్వానించాయి. మూడు నెలల తర్వాత చూస్తే, ఆ ఆహ్వానం అందనివారిలోనే మానసిక గాయపు లక్షణాలు అధికంగా కనిపించాయి. రోగి బతికే అవకాశం తగ్గలేదు. వైద్యుల ఒత్తిడీ పెరగలేదు. అక్కడ ఒకరు బంధువుల పక్కనే ఉండి, జరుగుతున్నది వివరించేవారు. వద్దనుకున్నవారిని బలవంతపెట్టలేదు.

లోపలికి వెళ్లేవారికీ మర్యాద ఉంది. అబూ సలమా (రజి) మరణించినప్పుడు ఇంటివారు రోదించగా, మీకోసం మేలునే కోరుకోండి, దైవదూతలు ఆమీన్ అంటున్నారని దైవప్రవక్త (స) హితవు చెప్పారు. కనుక కేకలు వద్దు. గుండె ధైర్యం ఉన్న ఒక్కరే వెళ్లాలి. వైద్యులు చూపిన చోట నిలబడాలి. షాక్ ఇచ్చేటప్పుడు రోగినిగానీ మంచాన్నిగానీ తాకరాదు. వైద్యులు చేయి ఆపి ఇక ఆశ లేదన్నప్పుడు, చెవి దగ్గరకు వంగి కలిమా మెల్లగా పలకడానికి అనుమతి అడగవచ్చు.