పుస్తక పఠన బృందం

పుస్తక పఠన బృందం అనగా ఒకే పుస్తకాన్ని ఎవరికి వారు చదివి, నిర్ణయించుకున్న రోజున ఒకచోట సమావేశమై దానిని చర్చించే పాఠకుల సమూహం. దీనినే బుక్ క్లబ్ అని కూడా వ్యవహరిస్తారు. కొన్ని బృందాలు వివిధ దేశాల కథలను, నవలలను వరుసగా ఎంచుకొని చదువుతాయి.

చరిత్ర

18వ శతాబ్దపు బ్రిటన్‌లో చందాలు వేసుకొని పుస్తకాలు కొని, వంతులవారీగా చదువుకొనే సంఘాలు ఉండేవి. 1996లో అమెరికాలో ఓప్రా విన్‌ఫ్రీ తన టెలివిజన్ కార్యక్రమంలో ఆరంభించిన బుక్ క్లబ్ ఈ అలవాటుకు విశేష ప్రచారం తెచ్చింది. తెలుగునాట కలసి చదువుకొనే సంప్రదాయానికి గ్రంథాలయోద్యమం పునాది. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లో ఏర్పడింది.

తెలుగులో ప్రపంచ కథాసాహిత్యం

ఆంగ్లం రాని పాఠకుడు ఇటువంటి బృందంలో పాల్గొనడం అనువాదాల లభ్యతపై ఆధారపడి ఉంటుంది. మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు అనేక రష్యన్ రచనలను తెలుగులో ముద్రించి చవక ధరలకు అందించాయి. "అతడు - ఆమె" నవలా రచయిత ఉప్పల లక్ష్మణరావు మాస్కోలో అనువాదకుడిగా పనిచేశాడు. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నం కావడంతో ఆ పుస్తకాల రాక ఆగిపోయింది.

1980లో స్థాపితమైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ఇతర ఖండాల రచనలనూ తెలుగులోకి తెచ్చింది. వాటిలో ప్రసిద్ధమైనది "ఏడు తరాలు". ఇది అలెక్స్ హేలీ 1976లో ప్రచురించిన "రూట్స్" నవలకు సహవాసి చేసిన సంక్షిప్త అనువాదం. మూలం పేరుకు అర్థం "వేళ్ళు". తెలుగు పేరు మాత్రం, సంబంధం కుదుర్చుకొనేటప్పుడు అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడాలనే నానుడిని స్ఫురింపజేస్తుంది. వంశవృక్షమే తెలియకుండా చేయబడిన బానిసల కథకు ఈ పేరు తెలుగులో మరింత బరువునిచ్చింది.

చర్చా విధానం

సాధారణంగా ఒక సభ్యుడు రచయితను, దేశ కాలాలను పరిచయం చేస్తాడు. తరువాత పాత్రలు, ఆచారాలు, భాషపై చర్చ సాగుతుంది. అనువాదం ఏ భాషనుండి జరిగిందో తెలుసుకోవడం ముఖ్యం. కెన్యా రచయిత గూగీ వా థియాంగో (1938-2025) "డెవిల్ ఆన్ ద క్రాస్" నవలను 1978లో జైలులో ఉండి, మరుగుదొడ్డి కాగితాలపై, గికుయు భాషలో వ్రాశాడు. దానిని ఆయనే ఆంగ్లంలోకి మార్చాడు. వరవరరావు 1980లలో తాను జైలులో ఉన్నప్పుడు ఆ నవలను తెలుగు చేశాడు. ఇటువంటి నవలను చదివేటప్పుడు గికుయు సామెత రెండు భాషలు దాటి తెలుగుకు చేరిందని పాఠకుడు గుర్తుంచుకోవాలి. తెలియని ఆచారాన్ని వింతగా చూసి వదిలివేయక, ఆ సమాజంలో దాని పని ఏమిటని ప్రశ్నించడం చర్చకు ప్రాణం.

తూర్పు హైదరాబాదులో

ఉప్పల్, నాచారం ప్రాంతాలలో ఇటువంటి పఠనానికి అనుకూలతలు ఉన్నాయి. నాచారం పారిశ్రామికవాడ, ఉప్పల్ రోడ్డులోని జాతీయ పరిశోధనా సంస్థల మూలంగా పలు రాష్ట్రాల వారు ఇక్కడ నివసిస్తున్నారు. సమీపంలోని తార్నాకలో ఉన్న ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో అరబిక్, ఫ్రెంచి, జర్మన్, జపనీస్, రష్యన్, స్పానిష్ భాషలను బోధిస్తారు. 2017 నవంబరులో ఆరంభమైన మెట్రో రైలు ఉప్పల్, హబ్సిగూడ, తార్నాకలను కలుపుతున్నది.

పరిమితులు

పాత అనువాదాలు పునర్ముద్రణకు నోచుకోకపోవడం ప్రధానమైన అడ్డంకి. బృందంలో పదిమంది ఉంటే పది ప్రతులు కావాలి. ఆదివారం ఆబిడ్స్ కాలిబాటపై పాత పుస్తకాలలో దొరికేది ఒక్క ప్రతి కావచ్చు. అప్పుడు ఒకరు చదువుతుండగా మిగిలినవారు వినే పాత పద్ధతి ఉపకరిస్తుంది. అక్షరాలు రానివారికి కూడా ఆ పద్ధతిలో చోటుంటుంది.

ఇవి కూడా చూడండి

* గ్రంథాలయోద్యమం
* అనువాద సాహిత్యం
* హైదరాబాద్ బుక్ ట్రస్ట్